యాభై ఏడో అక్షరం

తెలుగుకు అక్షరాలు యాభై ఆరని బడిలో చెప్పారు. హైదరాబాద్ అంబర్‌పేట్‌లో ఆరో నంబర్ బస్టాపు దగ్గర పాత డీటీపీ సెంటర్‌లో అడిగితే యాభై ఏడంటారు. ఆ యాభై ఏడోది సీపీయూ వెనకాల ఉంటుంది. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. కంపెనీ దాన్ని డాంగిల్ అంటుంది, బజారు ‘లాక్’ అంటుంది. అది గుచ్చి ఉంటేనే మిగతా యాభై ఆరూ పలుకుతాయి. పీకేస్తే ‘అ’ కూడా రాదు.

దానికి జరిగే మర్యాద మిగతా అక్షరాలకు లేదు. దసరా ఆయుధపూజలో మానిటర్‌కు ఒక బొట్టు పెడితే లాక్‌కు రెండు. రాత్రి షట్టర్ దించేటప్పుడు ఓనర్ గల్లాపెట్టె మరిచిపోతాడేమో గానీ, లాక్ పీకి చొక్కా జేబులో వేసుకోవడం మరిచిపోడు. కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పే మొదటి పాఠం కీబోర్డు గురించి కాదు. ‘ఊడ్చేటప్పుడు ఎన్కకు చీపురు తగలనియ్యకురా!’ భయం ఊరికే రాలేదు. మౌస్ పోతే మౌసే కొనుక్కోవాలి. లాక్ పోతే మాత్రం, చాలా కంపెనీల లెక్కలో, సాఫ్ట్‌వేరే పోయినట్టు.

ఈ భక్తంతా కొన్నవాడిది. పక్క సందులో కొననివాడిని చూడండి. అదే సాఫ్ట్‌వేర్, అవే ఫాంట్లు. బొట్టు లేదు, భయం లేదు. పెన్‌డ్రైవ్‌లో వచ్చింది, పెన్‌డ్రైవ్‌లో ఇంకో నలుగురికి పోయింది.

కిటుకు పెద్దదేం కాదు. లాక్‌లో ఒక చిప్ ఉంటుంది. ప్రోగ్రాం మధ్యమధ్యలో దానికి ప్రశ్న వేస్తుంది, సరైన జవాబొస్తేనే పని సాగనిస్తుంది. కాలేజీలో హాజరు పిలవడమే అనుకోండి. క్రాక్ చేసేవాడు చిప్ తయారుచేసే శ్రమ పెట్టుకోడు. దాని బదులు ‘ప్రెజెంట్ సార్’ అనే ప్రాక్సీని కూర్చోబెడతాడు, లేదంటే హాజరు పిలిచే లైనునే ప్రోగ్రాంలోంచి కొట్టేస్తాడు. ఆ పని ఎక్కడో ఒక్కడు ఒక్కసారి చేస్తే చాలు, గోల్నాక నుంచి నాచారం దాకా అందరికీ సెలవు. రోజూ హాజరు పలికేది ఫీజు కట్టినవాడొక్కడే.

లాక్ చరిత్ర కూడా అక్షరాలతోనే మొదలైంది. 1980లో కమోడోర్ పెట్ కంప్యూటర్ మీద నడిచే వర్డ్‌క్రాఫ్ట్ అనే టైపింగ్ ప్రోగ్రాంకు తొలి డాంగిల్ తగిలించారని చెబుతారు. తర్వాత ఆటోక్యాడ్‌కు వచ్చింది. అమెరికా ఇంజినీర్లు గొడవ చేసేసరికి 1986లో అక్కడ తీసేశారు, బయటి దేశాలకు మాత్రం ఇంకొన్నేళ్లు ఉంచారు. అమెరికావాడి మాట మీద నమ్మకం, మన మీద తాళం! పాటల స్టూడియోల్లో వాడే క్యూబేస్ 2022లో గానీ తన డాంగిల్‌ను వదల్లేదు. నాచారం వర్క్‌షాపుల్లో సీఎన్‌సీ మిషన్లకు డిజైన్ గీసే ప్రోగ్రాంలకూ, ఉప్పల్‌లో జాకెట్ల మీద నెమళ్లు కుట్టే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ ప్రోగ్రాంలకూ లాకులున్నాయి. వాటికి క్రాకులూ ఉన్నాయి.

తప్పంతా కంపెనీలదే అందామంటే నోరు రాదు. పుణె నుంచి శ్రీలిపి, హైదరాబాద్ నుంచి అను వచ్చి తెలుగును కంప్యూటరెక్కించాయి. ఆ ఫాంట్లలో ఒక్కో గుణింతాన్నీ, ఒక్కో ఒత్తునూ ఎవరో కూర్చుని గీశారు. మనమేమో ఒక కాపీ కొని జిల్లా అంతా పంచుకునే ధర్మాత్ములం. శుభలేఖకు వెల్వెట్ కవరుంటే ఇస్తాం, బంగారు పూత వినాయకుడుంటే ఇస్తాం. లోపలి అక్షరాలకు ఇవ్వమంటే మాత్రం, ‘అక్షరాలకు పైసలేంది?’

చట్టం లేదా అంటే, ఉంది. కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో 63బి సెక్షన్ వచ్చింది. తెలిసి తెలిసి దొంగ ప్రోగ్రాం వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్లు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాదని రుజువైతే కోర్టు కనికరించవచ్చు. 2012లో వచ్చిన 65ఏ ప్రకారం లాక్ పగలగొట్టినవాడికి 2 ఏళ్ల దాకా. వీటిని తు.చ. తప్పకుండా అమలు చేస్తే బోనాల ఫ్లెక్సీలు, కార్పొరేటర్ పుట్టినరోజు పోస్టర్లు, ట్యూషన్ కరపత్రాలు వేసినవాళ్లంతా లోపలే. చంచల్‌గూడ జైలు చాలదు, ఉప్పల్ స్టేడియం అద్దెకు తీసుకోవాలి. ఖైదీల జాబితా తెలుగులో అచ్చు వేయాలన్నా, టైప్ చేసేవాడూ లోపలే ఉంటాడు.

లాక్ ప్రోగ్రాంను ఎంత కాపాడిందో గానీ తెలుగును మాత్రం గట్టిగా బంధించింది. ఈ పాత ఫాంట్లకు ఎవరి కోడు వారిదే. ఫాంటు తీసేస్తే ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ డాలర్లూ, స్టార్లూ, కొమ్ములొచ్చిన ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతుంది. అలా కూర్చిన పుస్తకాల్లో ఒక్క మాట వెతుకుదామన్నా దొరకదు. అందరికీ ఒకే కోడుగా వచ్చిన యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంట తెచ్చింది. 2011-12లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వమూ సిలికానాంధ్ర సంస్థా కలిసి మండలి, గురజాడ, సూరన్న, పెద్దన, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా పంచాయి. లాక్ లేదు, పైసా లేదు.

మరి ఇంకా యాభై ఏడో అక్షరమెందుకని ఆరో నంబర్ దగ్గర సెంటర్ ఓనర్‌ను అడిగాను.

“నాది పేజ్‌మేకర్ అన్నా. దానికి యూనికోడ్ తెల్వదు.”

నిజమే. పేజీలు కూర్చే ఆ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత మరో పెద్ద వెర్షన్ రాలేదు. మన ప్రెస్సులకు మాత్రం దాని మీద ప్రేమ పోలేదు. ఆ పేజ్‌మేకర్ ఎంతకు కొన్నావని అడిగితే నవ్వాడు. ఫొటోషాప్? మళ్లీ నవ్వు. కోరల్ డ్రా? విండోస్? ఈసారి నవ్వలేదు గానీ, ‘చాయ్ తాగుతవా?’ అన్నాడు. మొత్తం సీపీయూలో డబ్బిచ్చి కొన్నది బొట్టు పెట్టుకున్న ఆ తెలుగు ప్రోగ్రాం ఒక్కటే. నా ఛాతీ కాస్త ఉప్పొంగింది. విదేశీ సరుకునంతా ఉత్తపుణ్యానికి వాడుకుని, అమ్మభాషకు మాత్రం రొక్కమిచ్చి రసీదు పుచ్చుకున్న మనిషి! సన్మానానికి శాలువా ఎక్కడ దొరుకుతుందా అనుకుంటూనే అడిగాను.

“అన్నీ వదిలి దీన్నొక్కదాన్నే ఎందుకు కొన్నవన్నా?”

“అప్పటికింకా క్రాక్ రాలే.”