విప్పడం వచ్చిన మాస్టారు

ప్రతి కాలనీలోనూ ఒక మాస్టారుంటారు. నిజంగానే బళ్లో లెక్కలు చెప్పినాయన కావచ్చు, కరెంటాఫీసు గుమాస్తా కావచ్చు. ఆదివారం వచ్చిందంటే మాత్రం మెకానిక్కు. పొద్దున ఎనిమిదింటికల్లా వసారాలో పాత పేపర్లు పరిచి, వాటి మీద సైకిలును తలకిందులుగా నిలబెట్టి, బనీను, లుంగీతో దాని ముందు చతికిలబడి ఉంటారు. లోపల ఇడ్లీలు చల్లారిపోతుంటాయి.

ఆయనకు సైకిలు విప్పడం వచ్చు. బిగించడం సంగతి సోమవారం చూద్దాం.

సైకిలు బాగా నడుస్తోందంటే మాస్టారికి తోచదు. కూరలకు వెళ్లొస్తుంటే ఎక్కడో ఒకచోట కిటుక్కుమనాలి. అనలేదనుకోండి, “మరీ ఇంత మెత్తగా పోతోందేమిటి, గ్రీజు ఎక్కువైనట్టుంది” అని దిగి చూస్తారు. మనబోటివాళ్లం తొక్కుకోవడానికి సైకిలు బాగు చేయించుకుంటాం. ఆయన బాగు చెయ్యడానికి ఏమైనా దొరుకుతుందేమోనని తొక్కుతారు.

వీధి చివర షాపులో ఇస్తే అరగంట పని కదా అని ఎవరైనా నోరు జారితే అయిపోయారే. “గాలి టైరుకు పేటెంటు తీసుకున్న డన్‌లప్ ఎవరనుకున్నావ్? పశువుల డాక్టరు! బెల్‌ఫాస్ట్‌లో కొడుకు మూడు చక్రాల బండికి తనే రబ్బరు గొట్టాలు తగిలించాడు. 1888లో పేటెంటు! పశువుల డాక్టరు చేసిన పని లెక్కల మాస్టారు చెయ్యలేడా?” ఇది మొదటి విడత. రెండో విడతలో రైట్ సోదరులొస్తారు. డేటన్ ఊళ్లో సైకిళ్ల షాపు పెట్టుకున్నవాళ్లే 1903లో విమానం ఎగరేశారన్నది చరిత్ర, కాదనలేం. “మనం ఎగరక్కర్లేదు లెండి, రైతుబజారు దాకా పోతే చాలు” అని వంటింట్లోంచి వినిపిస్తుంది. అది ఆయనకు వినిపించదు.

మూడో విడతలో కాస్త గొంతు జీరబోతుంది. ఆయనది అట్లాస్ సైకిలు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీలో పనివాళ్లకు లేఆఫ్ ప్రకటించారు. “ఫ్యాక్టరీయే ఆగిపోయింది, ఇక దీనికి దిక్కెవరు?” అని సీటు నిమురుతారు. దాని సామాను ఏ సైకిలు షాపులో అడిగినా దొరుకుతుందని చెప్పడానికి మనకు నోరు రాదు.

ఇక పని. ఎడమ పెడలుకు తిరగమర ఉంటుందనీ, తొక్కేకొద్దీ వదులై ఊడిపోకుండా అలా చేస్తారనీ మాస్టారికి బాగా తెలుసు. వీధిలో పిల్లల్ని పిలిచి మరీ చెబుతారు. చిక్కల్లా ఒక్కటే, సైకిలు తలకిందులుగా ఉంది. తలకిందులైన సైకిలుకు ఎడమ ఏది? మాస్టారు కాసేపు కళ్లు మూసుకుని, గాల్లో వేలితో ఏదో గీసుకుని, నిబ్బరంగా పానా పట్టి తిప్పుతారు. బిగుసుకుంటుంది. తుప్పు పట్టిందనుకుని పానాకు ఇనుప గొట్టం తగిలించి ఇంకా గట్టిగా తిప్పుతారు. ఆ పెడలు ఇక ఈ జన్మకు ఊడదు.

పోనిద్దురూ అని ముందు చక్రం మీద పడతారు. కోను విప్పగానే గుండ్లు పేపరు మీంచి గచ్చు మీదికి, గచ్చు మీంచి తులసికోట వైపు దొర్లుతాయి. పక్కకు పది చొప్పున ఇరవై ఉండాలి. ఇల్లంతా వంగి వెతికితే పంతొమ్మిది దొరుకుతాయి. “ఒకటి తగ్గితే మంచిదే, చోటు కలిసొస్తుంది” అంటారు. అసలు కష్టం ఆ తర్వాత. కోను చేత్తో చక్కగానే కుదురుతుంది. పైన నట్టు బిగించబోతే దాంతోపాటు కోనూ తిరిగి ఇంకాస్త లోపలికి పోతుంది. చక్రం గరగరమంటుంది. వదులు చేస్తే లటలటా ఊగుతుంది. గరగరకూ లటలటకూ మధ్య తేడా పావు మలుపు. ఆ పావు మలుపులో మాస్టారి పొద్దంతా గడిచిపోతుంది. సన్నపాటి పానాతో కోను కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టు బిగించాలి. ఆ సన్న పానా ఆయన దగ్గరే ఉంది. దాని మీదే కూర్చున్నారు.

భోజనాల వేళకు బెండు తియ్యడం మొదలవుతుంది. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకదానికి 40. రిమ్ము కుడికి ఒరిగితే అక్కడి ఎడమ పుల్లలు కాస్త బిగించి, కుడి పుల్లలు కాస్త వదలాలి. అర మలుపు చాలు. మాస్టారు అర మలుపు మనిషి కాదు. సాయంత్రానికి “బెండు పోయింది చూశావా” అంటారు. పోయింది, నిజమే. చక్రం ఇటూ అటూ ఊగడం మానేసి, పైకీ కిందికీ ఎగరడం మొదలెట్టింది.

మనవడి గేరు సైకిలు జోలికి మాత్రం ఇంట్లోవాళ్లు వెళ్లనివ్వరు. ఒకసారి వెళ్లారు. వెనక గేరు మార్చే డిరైలర్‌కు హెచ్ అనీ ఎల్ అనీ రెండు స్క్రూలుంటాయి. చైను అటు చిన్న పళ్లచక్రం దాటి బయట పడకుండా, ఇటు పెద్ద పళ్లచక్రం దాటి పుల్లల్లోకి పోకుండా కాసే హద్దురాళ్లు అవి. వదులుగా ఉన్నాయని మాస్టారు రెండింటినీ చివరికంటా బిగించారు. ఏడు పళ్లచక్రాల్లో మూడింటి మీదికే చైను వెళ్తోందని పిల్లాడు ఏడిస్తే, “చదువుకునే వయసులో ఇన్ని గేర్లెందుకురా” అన్నారు.

కొత్త హంగులంటే ఆయనకు చెప్పలేని మక్కువ. జెల్ సీటు కవరు, ఎల్‌ఈడీ లైటు, రెండు అద్దాలు, నీళ్ల సీసాకు స్టాండు, ఫోనుకు స్టాండు ఒకటొకటిగా వచ్చి చేరాయి. బ్రేకు రబ్బర్లు మార్చడం మాత్రం ఇంకా ఆలోచనలోనే ఉంది. వీటన్నిటిలోకీ ముద్దుబిడ్డ స్పీడు మీటరు. ముందు పుల్లకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు సెన్సరు. చక్రం చుట్టుకొలత మిల్లీమీటర్లలో చెబితే వేగం, దూరం అదే లెక్క కడుతుంది. చుట్టుకొలత దగ్గర ఆయన్ను తప్పు పట్టలేం, దారంతో కొలిచి, పైతో గుణించి సరిచూసుకున్నారు. తలకిందులుగా ఉన్న సైకిలు చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పితే గంటకు 31 కిలోమీటర్లు చూపించింది. రైతుబజారు దారిలో అంత వేగం ఎన్నడూ చూడలేదు. ఆ మీటరులో ఉన్న దూరంలో ముప్పాతిక వంతు వసారాలో నడిచిందే.

సోమవారం పొద్దున్నే సైకిలు షాపుకు చేరుతుంది. చట్రం భుజాన, చక్రాలు పక్కింటి కుర్రాడి చేతిలో, మిగతాది గోనెసంచిలో. షాపతను తెలివైనవాడు, ఒక్క ప్రశ్న వెయ్యడు. గంటలో అంతా బిగించేసి, “చాలావరకు మీరే చేసేశారు మాస్టారూ, నేను నట్లు బిగించానంతే” అంటాడు. మామూలు కూలికి రెట్టింపు తీసుకుంటాడు. మాస్టారు సంతోషంగా ఇస్తారు. దారిలో ఎవరు కనబడినా, “మనమే చేశాం, వాడు నట్లు బిగించాడంతే” అని చెబుతూ ఇంటికొస్తారు.

మీ కాలనీ మాస్టారికి మీ సైకిలు చూపించకండి. రాత్రి పదింటప్పుడు పంపు కావలసివస్తే మాత్రం ఇంకెక్కడికీ పోకుండా ఆ తలుపే కొట్టండి. విసుక్కోకుండా లేచి ఇస్తారు. గాలి తానే కొడతానంటారు. ఒప్పుకోకండి.