ఫర్నేస్ మంట నిలవట్లేదా? అస్సలు కంగారొద్దు

అమెరికా చలి రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి డిసెంబరు దాటితే ఈ తంతు తప్పదు. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ భగ్గున వెలుగుతుంది, నాలుగైదు సెకన్లకి టక్కున ఆరిపోతుంది. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. కొందరు తొందరపడి దీన్ని ఆ పూటే బాగుచేసుకుని పడుకుంటున్నారు. ఉగాది దాకా సాగదీసే మార్గం ఉండగా ఎందుకా ఆత్రం?

మొదట థర్మోస్టాట్‌ని 68 నుంచి 85కి తిప్పండి. మామూలు ఫర్నేస్‌కి వెలగడం, ఆరడం తప్ప ఇంకేం తెలీదనీ, అంకె పెంచితే మంట పెరగదనీ మీ అబ్బాయి అంటే, చదువుకున్న పొగరని సరిపెట్టుకోండి.

కంట్రోల్ బోర్డు మూడు నాలుగు సార్లు ప్రయత్నించి, అలిగి, గంటో రెండు గంటలో మూల కూర్చుంటుంది. కూర్చోనివ్వకండి. బ్రేకర్ దించి ఎత్తండి, మళ్లీ మొదలెడుతుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది: కొన్ని బోర్డుల్లో కరెంటు తీయగానే తప్పేమిటో చెప్పే కోడ్ చెరిగిపోతుంది. ఫర్నేస్ తలుపుకున్న చిన్న అద్దంలోంచి మిణుకుమనే ఎర్ర లైటు అదే. ఎన్నిసార్లు మెరిస్తే ఏమిటర్థమో తలుపు లోపలివైపు అంటించిన కాగితం మీద ఉంటుంది. చదవకండి. చదివితే వాట్సాప్ గ్రూపులో అడగడానికేం మిగలదు.

సలహాకి డాలస్ బావగారిని మించినవాళ్లు లేరు. ఆయన ఫర్నేస్ అటక మీద ఉంటుంది, ఆయన ఒక్కసారీ అటకెక్కలేదు. అందుకే ఆయన మాటలో తడబాటుండదు. “ఇగ్నైటర్ పోయిందోయ్, మార్చెయ్” అంటారు. మంట వెలుగుతోందంటే వెలిగించే ఇగ్నైటర్ బాగానే ఉన్నట్టు కదా అని ఎదురు చెప్పకండి, పెద్దాయన. కొత్తది తెప్పించండి. అది పెళుసు వస్తువు, గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది, కాబట్టి రెండు తెప్పించండి.

అసలు దొంగ పక్కనే ఉంటాడు. బర్నర్ల ముందు, మంటలోకి తల చాచిన సన్నటి కడ్డీ. పేరు ఫ్లేమ్ సెన్సర్. మంటలోంచి కరెంటు ఒకవైపుకే బాగా పారుతుంది. అలా పారేది కొన్ని మైక్రోఆంపియర్లే, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతులు కొన్ని. అది అందితేనే బోర్డు మంట ఉందని నమ్ముతుంది. కడ్డీకి పొర పట్టిందంటే కరెంటు అందదు. ఎదురుగా మంట మండుతున్నా బోర్డు లేదనుకుని, గ్యాస్ ఊరికే పోతోందని భయపడి వాల్వ్ మూసేస్తుంది. మందు చాలా చవక: కరెంటూ గ్యాసూ కట్టేసి, ఒక్క స్క్రూ విప్పి, కడ్డీని సన్నటి స్టీల్ ఊల్‌తో తేలిగ్గా రుద్ది, తుడిచి బిగించడమే. ఇంత చిన్న పని మన హోదాకి తగదు. థర్మోస్టాట్, వాల్వ్, బోర్డు వరసగా మార్చుకుంటూ పోండి. చివరికి ఫర్నేస్ అంతా కొత్తదవుతుంది, ఆ కడ్డీ తప్ప.

సెకన్లలో కాక కొన్ని నిమిషాలు మండి ఆరిపోతూ, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటే లోపల వేడెక్కిపోతోందన్నమాట. పోపు పొగలన్నీ పీల్చిన ఫిల్టర్‌ని అలాగే ఉంచండి. మార్చక తప్పకపోతే షాపులో అన్నిటికన్నా బిగుతైనది కొనండి. వాడని గదుల్లో గాలి మార్గాలు కూడా మూసేస్తే గాలి ఎటూ ఆడదు.

డ్రైవ్‌వే మీద ఎత్తిన మంచు ఎక్కడ పొయ్యాలా అని వెతుక్కోకండి. ఇంటి గోడలోంచి తెల్ల పైపులు బయటికొచ్చిన చోటే పొయ్యండి. ఫర్నేస్ ఊపిరి పీల్చేదీ వదిలేదీ వాటిలోంచే.

ఒక్క చిట్కా మాత్రం నాచేత చెప్పించకండి. పొగ బయటికి పోతోందో లేదో చూసే ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తే మంట నిలుస్తుందని చెప్పేవాళ్లున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. పై సలహాలతో డబ్బూ నిద్రా పోతాయి, దీంతో మనుషులు పోతారు. వెచ్చదనానికి గ్యాస్ అవెన్ తలుపు తెరిచి కూర్చోవడమూ, కూస్తోందని అలారం బ్యాటరీ పీకడమూ ఇలాంటివే. మూర్ఖత్వానికీ ఒక హద్దుండాలి.

ఇక మెకానిక్‌ని పిలవడానికి ముహూర్తం. అక్టోబరులో వాళ్లు ఖాళీగా ఉంటారు, అప్పుడు పిలవకండి. 2019 జనవరి 30 లాంటి రోజు కోసం ఆగండి. ఆరోజు చికాగోలో మైనస్ 30 సెల్సియస్. ఎట్టకేలకి వచ్చాక అతన్ని తలుపు తీయనివ్వకుండా బావగారి సిద్ధాంతమంతా వినిపించండి. అతను ఓపిగ్గా విని, ఒక స్క్రూ విప్పి, కడ్డీ తుడిచి, బిల్లు రాస్తాడు. “రెండు నిమిషాల పనికి ఇంతా?” అని అడగడం మన ధర్మం. తగ్గించడు. పోనీ, ఎలాగూ వచ్చాడు కదా, పక్కనున్న వాటర్ హీటర్ కూడా ఓసారి చూసిపొమ్మనండి. ఊరికే.