అనంతగిరిలో ఆదివారం నడక

అనంతగిరి పేరుకు కొండ, అటవీశాఖ లెక్కలో అడవి, వాడుకలో మాత్రం హైదరాబాదు వాళ్ల పెరటి పార్కు. వికారాబాద్ పట్టణానికి ఐదారు కిలోమీటర్లు, నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. ఇదే పేరుతో అరకు దారిలో మరో అనంతగిరి ఉంది. కాఫీ తోటలు అక్కడివి. ఇక్కడ దిగి కాఫీ తోటలకు దారి అడిగే వారికి జనం టీకొట్టు చూపిస్తారు.

ఇది ఆకురాల్చే అడవి. టేకు, తునికి, మోదుగు, సీతాఫలం చెట్లు వానాకాలంలో ఒళ్లంతా పచ్చగా నిండి ఉంటాయి. వేసవికి చాలావరకు ఆకులు దులిపేసి నిలబడతాయి. జులైలో తీసిన ఫొటో చూసి ఏప్రిల్‌లో వచ్చినవాళ్లు తప్పు ఫోనుదో కొండదో తేల్చుకోలేక, ఉన్న ఒక్క నీడలో కారు పెట్టుకుని తిరిగి వెళతారు.

ఈ కొండ ఘనతంతా నీటిది. తూర్పుకు జారిన వాన మూసీ అయి, హైదరాబాదు మీదుగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటికి జారినది కాగ్నా అయి, తాండూరును దాటి కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. భీమ చేరేదీ కృష్ణకే. గట్టు తగాదాతో విడిపోయిన అన్నదమ్ములు మేనకోడలి పెళ్లిలో ఒకే పంక్తిన కూర్చున్నట్టు ఉంటుంది ఈ ప్రయాణం. నగరంలో మూసీ వంతెన మీద ముక్కు మూసుకునే మనిషే ఇక్కడ అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర అదే మూసీ నీళ్లు భక్తిగా నెత్తిన చల్లుకుంటాడు.

మూసీకి ముచికుంద అనే పేరు రావడానికి కథ ఉంది. దేవతల తరఫున యుద్ధం చేసి అలసిన ముచికుందుడు వరంగా కోరుకున్నది రాజ్యం కాదు, నిద్ర. లేపినవాడు బూడిద కావాలన్నది షరతు. కృష్ణుణ్ణి తరుముతూ గుహలోకి వచ్చిన కాలయవనుడు ఆయన్ను తన్ని లేపి బూడిదయ్యాడు. ఆ గుహ ఈ కొండలోదేనని స్థలపురాణం. అలాంటి చోటికి ప్రతి ఆదివారం భుజానికి బ్లూటూత్ స్పీకర్లు తగిలించుకుని వచ్చేవాళ్లు ఏ బూడిదా కాకుండా ఇంటికి చేరుతున్నారంటే కలియుగంలో వరాల గడువు తీరిపోయిందనే అనుకోవాలి. గాలి మంచిదనే పేరుతో ఒకప్పుడు క్షయ రోగుల శానిటోరియం వెలసింది కూడా ఇక్కడే. ఇప్పుడు ఆ గాలి పీల్చడానికి వచ్చి ముందుగా సిగరెట్టు వెలిగించేవారూ ఉన్నారు.

నడిచేవాళ్లు మూడు రకాలు. మొదటి రకం తెల్లవారకముందే బయలుదేరి, మంచులో రెండు గంటలు నడిచి, ఎవరికీ కనపడకుండా వెళ్లిపోతుంది. వీళ్ల గురించి రాయడానికి ఏమీ ఉండదు. రెండో రకానికి కొత్త బూట్లు, చేతికర్ర, అడుగులు లెక్కపెట్టే గడియారం ఉంటాయి. అడుగులు పదివేలు నిండకపోతే పార్కింగులో గుండ్రంగా తిరిగి నింపుతారు. మూడో రకం కుటుంబం. అందులో పెద్దమనిషి ఖాళీ చేతులతో ముందు నడుస్తూ ప్రకృతిని వర్ణిస్తాడు. పులిహోర గిన్నె, చాప, నీళ్ల క్యాను, నిద్రపోయిన పిల్లాడు వెనక ఇల్లాలి వంతు. ట్రెక్కింగ్ అన్న మాటకు ఇక్కడ అసలైన అర్థం తెలిసినది ఆమెకే.

పులిహోర మీద మొదటి హక్కు కోతులది. వాటికి సంచి జిప్పు తీయడం తెలుసు. తాళం ఇంకా నేర్చుకోలేదు. గిన్నె పోగొట్టుకున్నవారికి మిగిలే దిక్కు కాల్చిన మక్క కంకి. మబ్బు లేదని, మంచు లేదని వాళ్లు సణిగితే కంకులమ్మే అవ్వ విసనకర్ర ఆపకుండానే తీర్పు చెబుతుంది: “పొద్దుగాల మస్తు మబ్బుండె బిడ్డా. మీరే ఆలస్యంగ వచ్చిన్రు.”

తిరుగు ప్రయాణానికి రైలు కూడా ఉంది. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షనుకు 1874లో వేసిన మార్గంలో వికారాబాద్, దాని తర్వాత తాండూరు వస్తాయి. నిద్రమత్తులో ఎదురు రైలెక్కినవారు తాండూరులో దిగి నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు చూస్తారు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేదీ ఆ నేల మీదే. కాళ్ల నొప్పుల వల్ల ఆ చేలను కిటికీలోంచి చూడడమే మేలు.

సరైన రైలెక్కినవారు రాత్రికి ఇల్లు చేరతారు. మెట్లు ఎక్కలేక లిఫ్టు కోసం ఆగి, లోపలికి వచ్చి నేల మీద కూలబడతారు. ఆ నేల తాండూరు బండ. పళ్లెంలో పప్పు తాండూరు కంది. నగరంలో కొన్ని చోట్లయితే, గ్లాసులో నీళ్లు మూసీకి అడ్డుగా 1920లో కట్టిన గండిపేట చెరువువి కావచ్చు. ఏడాది పొడుగునా ఇంట్లో తొక్కి, తిని, తాగేదాన్ని చూడడానికే 160 కిలోమీటర్లు తిరిగామని ఎవరికీ తట్టదు. మర్నాడు ఆఫీసులో చెప్పేది కోతి సంగతి ఒక్కటే.