జట్టు కావలెను

కోరుట్ల దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా, వలసల గేటు మూతపడలేదు. దుబాయ్ దాటి డల్లాస్ చేరిన మనోళ్లకు ఇప్పుడు కొత్త తిప్పలు: కొడుక్కు మంచి సాకర్ క్లబ్బు దొరకాలి! పిల్లకు సంబంధం చూసినట్టే విచారణలు. ట్రైఅవుట్లు, వేల డాలర్ల ఫీజు, డ్రెస్సు ఖర్చు వేరు, పొరుగూరి టోర్నమెంటుకు హోటల్ వేరు. ‘బీ’ టీములో పడితే ఇంట్లో సంతాపమే. “బంతి తన్నేటందుకు గిన్ని పైసలెందుకురా?” అని కోరుట్ల తాత ఫోన్లో అడిగితే సిగ్నల్ పోతుంది.

నవ్వకండి. 1956 ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ రహీం మన హైదరాబాదీయే. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ మాత్రం 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వలసపోయింది.