డబుల్ బెడ్‌రూములో అమెజాన్

పదేళ్లుగా పెళ్లిళ్లలో తప్ప పలకరించని వేలువిడిచిన బావగారు ఒకరు ఈమధ్య భోజనానికి పిలిచారు. అదీ ఆదివారం, అదీ నాటుకోడి. పిలుపు మీద అనుమానం వచ్చిందిగానీ నాటుకోడి మీద రాలేదు. వెళ్లాను.

మియాపూర్‌లో నాలుగో అంతస్తు. హాల్లో అడుగుపెట్టగానే కూర్చుందామని చూస్తే సోఫా లేదు. సోఫా ఉండాల్సిన చోట ఐదడుగుల గాజుతొట్టి, అందులో రెండున్నర అడుగుల చేప. నల్లటి వీపు, తెల్లటి పక్కలు, ఎర్రటి తోక, బియ్యపు డబ్బా మూతంత నోరు, దానికి తగ్గ మీసాలు. తొట్టి వెడల్పు రెండడుగులే కనక అది వెనక్కి తిరగాలంటే ముందు నడుం వంచాలి. ముక్కు ఈ గాజుకి, తోక ఆ గాజుకి రాసుకుంటూ, ఇరుకు సందులో లారీ తిప్పినట్టు ముందుకీ వెనక్కీ జరగాలి. రైట్, రైట్ అని చెప్పే క్లీనరొక్కడే తక్కువ.

"రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్, బావగారూ. అమెజాన్‌ది."

"ఏ ఆఫర్లో వచ్చిందండీ?"

"అమెజాన్ నది!" అని చిన్నబుచ్చుకుని, మళ్లీ తేరుకుని అన్నారు. "చాలామంది తెలీక తెచ్చి చంపేస్తారు. మేం మాత్రం బాధ్యతగా పెంచుతున్నాం."

ఈ 'బాధ్యతగా' అన్నమాట నేను మొదట విన్నది రమ్మీ ప్రకటనలో. నిమిషం పాటు డబ్బు వర్షం కురిపించి, ఆఖరి అరసెకనులో ఊపిరి తీసుకోకుండా 'బాధ్యతగా ఆడండి' అని చదివేసేవారు చూడండి, ఆ మాటే. ఏ పని చెయ్యకూడదో ఆ పని ముందు ఇది పెట్టుకుంటే చాలు, చెయ్యొచ్చు. రాకాసి చేపల్ని ఇళ్లలో పెంచేవాళ్ల దాకా ఇప్పుడు వచ్చింది. మాటని విడగొట్టి చూస్తే నిజం అందులోనే ఉంది. మొదట్లో ఉన్న బాధ చేపది, మిగిలిన గొప్ప యజమానిది.

బావగారు బాధ్యత అన్నారు కనక, చుట్టరికం పక్కనపెట్టి లెక్క చూద్దాం.

ఈ చేప షాపులో దొరికేటప్పుడు రెండుమూడు అంగుళాలుంటుంది. ముద్దొస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి రెండడుగులు దాటుతుంది. పూర్తిగా ఎదిగితే నాలుగడుగులు, ఆపైన కూడా. దాని సొంతూళ్లు అమెజాన్, ఒరినోకో. అవతలి ఒడ్డు కనబడని నదులు. అలాంటిది ఇంట్లో కనీసం ఒళ్లు తిప్పుకోవాలంటే, మరీ మొహమాటంగా లెక్కేసినా, 15 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు తొట్టి కావాలి. అంటే పదివేల లీటర్లు. హైదరాబాదీలకి అర్థమయ్యే కొలతలో చెప్పాలంటే రెండు వాటర్ ట్యాంకర్లు. లీటరు నీళ్లు కిలో బరువు కనక పది టన్నులు, గాజు బరువు కాకుండా. మన ఇళ్ల అంతస్తులు చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన బరువు మోసేలా డిజైన్ చేస్తారు. ఈ తొట్టి చదరపు మీటరుకి 1,200 కిలోలు మోపుతుంది. అంటే నాలుగో అంతస్తు బావగారు బాధ్యతగా ఉంటే, మూడో అంతస్తువాళ్లు హెల్మెట్లు పెట్టుకుని ఉండాలి.

తొట్టి కట్టగానే అయిపోదు. చేప తిన్నదాంట్లో కొంత మొప్పల్లోంచి అమోనియాగా వదులుతుంది. అది విషం. ఫిల్టర్లో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది కాస్త నయం. ఆ నైట్రేట్‌ని బయటికి మోసే బ్యాక్టీరియాకి మాత్రం రెండే కాళ్లు, చేతిలో బకెట్టు. వారానికి మూడోవంతు నీళ్లు మార్చాలంటే మూడువేల లీటర్లకి పైమాటే. మే నెలలో కింద ట్యాంకరు కోసం అపార్టుమెంటంతా బిందెలతో నిలబడి ఉంటే, మూడువేల లీటర్లు చేపకని పైకి పంపించుకునే మనిషికి చేపంటే బాధ్యత ఉందో లేదోగానీ ధైర్యం మాత్రం ఉన్నట్టే. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ తియ్యకుండా పోస్తే చేపకీ చేటు, ఫిల్టర్లో బ్యాక్టీరియాకీ చేటు. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు ఫిల్టరుకి, ఆ తర్వాతే అత్తగారి ఫ్యానుకి.

ఈ లెక్కంతా విని బావగారు నవ్వారు. "మీకు తెలీదు బావగారూ, చేప తొట్టిని బట్టే పెరుగుతుంది. షాపతను చెప్పాడు."

ఆ షాపతను న్యూటన్ కాలంలో పుట్టవలసినవాడు. ఈ సిద్ధాంతం ప్రకారం మియాపూర్ ఫ్లాట్లలో పుట్టిన పిల్లలెవరూ నాలుగడుగులు దాటకూడదు. బాల్కనీలో పెరిగినవాళ్లు రెండడుగుల దగ్గరే ఆగిపోవాలి. చిన్న తొట్టిలో చేప ఎదుగుదల మందగించే మాట నిజమే. కానీ అది ఇంటివారి ఇబ్బంది గమనించి సర్దుకుపోవడం కాదు. మురికినీళ్లలో, కదలడానికి చోటు లేక గిడసబారిపోవడం. వెన్ను వంకరపోయి, రెక్కలు అరిగిపోయి, ఇరవయ్యేళ్లు బతకాల్సింది మూడేళ్లకి పోతుంది. అప్పుడు షాపతను, ఆయుర్దాయం కూడా తొట్టిని బట్టే ఉంటుందని చెబుతాడు కాబోలు.

షాపుల వాళ్ల అసలు ప్రతిభ సిద్ధాంతాల్లో కాదు, నామకరణాల్లో ఉంది. 'షార్క్' అని అమ్మే బూడిదరంగు పిల్లని చూశారా? అది పంగాసియస్. కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి ఐసు పెట్టెల్లో లారీలకెక్కించే చేప. మెకాంగ్ నదిది, గుంపులో తిరిగేది, నాలుగడుగులు పెరిగేది, నీడ పడితే బెదిరి గాజుకి తల బాదుకునేది. భీమవరం వాడు పులుసు పెట్టుకునేదాన్ని హైదరాబాద్ వాడు షార్కని పేరుపెట్టి, దాని ముందు సెల్ఫీ దిగి, భీమవరం చుట్టానికే పంపుతాడు. 'పిరాన్హా' అని అమ్మేవాటిలో చాలా భాగం మన రూప్‌చంద్. పిరాన్హాకి చుట్టమేగానీ పళ్లూ గింజలూ తినే సాధువు. పేరు మార్చుకుని సినిమాల్లోకి వెళ్లినవాళ్లకి మల్లే ఇవి కూడా ఊళ్లో ఒకటి, సిటీలో ఒకటి.

ఇక అరోవానా సంగతి. అది చేప కాదు, వాస్తు. ఈశాన్యంలో పెడితే డబ్బొస్తుందట. దాని మహత్యం నాకు ఒకాయన వివరించారు. చేప నిక్షేపంగా ఉంటే మన అదృష్టం దానివల్లే. అది చచ్చిపోతే మనకి రావలసిన గండం అది మోసుకుపోయింది. రెండు దారుల్లోనూ లాభం ఇంటాయనదే. మూడడుగులు పెరిగే చేపని మూరెడు తొట్టిలో పెడితే గండం ఎవరికుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. వెండి అరోవానా అమెజాన్ కొమ్మల మీది పురుగుల్ని నీళ్లలోంచి ఎగిరి పట్టుకునే చేప. మన హాల్లో మూత లేని తొట్టిలోంచి ఎగిరితే పట్టుకోడానికి గ్రానైట్ ఫ్లోరింగే ఉంటుంది. ఆగ్నేయాసియా అరోవానా అయితే 1975 నుంచీ, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటెస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉంది. అధీకృత ఫారాల్లో పుట్టి, ఒంట్లో మైక్రోచిప్ వేయించుకున్నవే అమ్మాలి. 2022 సవరణతో ఆ జాబితాలు మన వన్యప్రాణి చట్టంలోకీ వచ్చాయి. అలాంటివి ఇంట్లో ఉంటే నమోదు చేయించాలని 2024లో నిబంధనలూ వచ్చాయి. మన వాస్తు భక్తుల్ని ఆ కాగితం అడిగి చూడండి. ఈశాన్యం మూల కాక ఇంకెక్కడ వెతికినా దొరకదు.

భోజనాలకి ముందు బావగారు చుట్టాలందరినీ తొట్టి చుట్టూ చేర్చారు. పిల్లల చేతుల్లో ఫోన్లు. ప్లాస్టిక్ కవరులోంచి అరడజను బతికున్న గోల్డ్‌ఫిష్‌లు తొట్టిలో పడ్డాయి. ఆ నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. చప్పట్లు. "న్యాచురల్ ఫుడ్" అన్నారు బావగారు. అమెజాన్‌లో గోల్డ్‌ఫిష్ ఎక్కడిదండీ అంటే అతిథి మర్యాద చెడుతుందని ఊరుకున్నాను. గోల్డ్‌ఫిష్ ఒంట్లో విటమిన్ బీ1ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. అవే మేపుతూ పోతే వేటాడే చేపకి ఆ విటమిన్ కొరతపడి నరాలు దెబ్బతింటాయి. దానితోపాటు సంతలో ఉన్న రోగాలన్నీ ఉచితం. నిజంగా పెంచే తీరు తెలిసినవాడు రొయ్య, చేపముక్క, గుళికలు అలవాటు చేస్తాడు. ఎదిగిన చేపకి వారానికి రెండుమూడుసార్లు చాలు. కానీ గుళిక వేస్తే వీడియో ఎవడు చూస్తాడు? ఇక్కడ మేత చేపకి కాదు, ఫోనుకి.

వడ్డన దగ్గర చెల్లెమ్మ మెల్లిగా అంది. "పోయిన నెల హీటరు కూడా మింగేసిందన్నయ్యగారూ. ఈయన రాత్రంతా దాని పక్కనే కూర్చుని, పొద్దున కక్కాక గానీ కాఫీ తాగలేదు." ఆమె కాన్పుకి కూడా ఆయన అంత మేలుకోలేదన్న ధ్వని అందులో ఉంది.

ఇంతకీ ఇలాంటి చేపలు పెద్దవయ్యాక ఏమవుతాయి? జూలు తీసుకోవు. వాళ్ల దగ్గరా చోటుండదు. షాపతను తీసుకోడు. అతనికి మూడంగుళాలదైతేనే వ్యాపారం. తినడానికి మనసొప్పదు, పేరు పెట్టుకున్నాం. అప్పుడు మనిషికి హఠాత్తుగా ప్రకృతి గుర్తొస్తుంది. 'స్వేచ్ఛ ప్రసాదిద్దాం' అంటాడు. అర్ధరాత్రి, స్కూటీ మీద, బకెట్టులో పెట్టుకుని వెళ్లి ప్రసాదిస్తాడు.

ఆ ప్రసాదాలు ఎక్కడెక్కడ తేలాయో చూడండి. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో జాలర్ల వలలకి అరపైమాలు తగిలాయి. పదడుగుల దాకా పెరిగే అమెజాన్ చేప అది. వాటితో పాటు మొసలి మూతి ఎలిగేటర్ గార్‌లు. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సు శుభ్రం చేసేవాళ్లకి ఇంకో గార్ దొరికింది. ఈ జాతిది ఒకటి 2011లో మిసిసిపీలో వలకి చిక్కితే ఎనిమిదడుగుల ఐదంగుళాలుంది, బరువు దాదాపు 148 కిలోలు. చైనాలో హెనాన్ రాష్ట్రపు రూజౌ ఊళ్లోనైతే 2022లో రెండు గార్‌ల కోసం ఏకంగా చెరువే తోడించారు, నెలరోజులు పట్టింది. అంత దూరం ఎందుకు, మన కృష్ణా తీరం చెరువుల రైతుల్నడగండి. అక్వేరియంలో పాచి తింటుందని ముచ్చటపడి కొన్న సక్కర్ ఫిష్ ఇప్పుడు అక్కడ 'దెయ్యం చేప'. వలకి పడితే వల చీలుస్తుంది, సంతకి తీసుకెళ్తే కొనేవాడుండడు. ఎవరో ఎప్పుడో బాధ్యతగా వదిలిన చేప. వల ఖరీదు మాత్రం వదిలినవాడు కట్టడు.

నిజంగా బాధ్యతగా పెంచేవాళ్లు లేరని కాదు. పెరట్లో సిమెంటు కొలను కట్టుకుని, ఫిల్టరుకో గది కట్టి, కొనేముందే 'నేను పోయాక దీన్నెవరు చూస్తారు' అని ఆలోచించుకునేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. వాళ్లని గుర్తుపట్టడం తేలిక. ఇంకోటి కొంటానని ఎవరైనా అంటే ముందు వద్దనేది వాళ్లే. బాధ్యత అన్నమాట వాళ్ల నోట రాదు, తీరికుండదు.

వేటాడే చేపే కావాలని మరీ మనసైతే మన కొర్రమీను చుట్టం మట్టగిడస ఉంది. జానెడు ఉంటుంది. పొగరు, పౌరుషం, పిల్లల్ని కాచుకునే మమకారం, అన్నీ ఉంటాయి. మామూలు తొట్టిలో హాయిగా తిరుగుతుంది, వెనక్కి కూడా. ఒకటే లోపం. దాన్ని చూసి ఎవరూ 'అమెజాన్‌దా?' అని అడగరు, 'కిలో ఎంత?' అంటారు.

ఆకులెత్తాక కిళ్లీ అందిస్తూ బావగారు నా పక్కకి జరిగారు. తొట్టి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మీ ఊళ్లో చెరువు ఇంకా ఉందా, బావగారూ?"

నాటుకోడి ఎందుకు కూసిందో అప్పటికి తెలిసింది.

"ఎక్కడిదండీ, ఎప్పుడో ఎండిపోయింది" అన్నాను. మొన్న సంక్రాంతికే అలుగు పారింది. చుట్టరికంలో అబద్ధం ఆడటం నాకదే మొదలు. అయినా తప్పులేదు. బాధ్యతగా ఆడాను.