గన్ను సరిచెయ్యకుండానే సరిచేశామనిపించుకోవడం ఎలా?

కంగ్రాట్స్! ఆన్‌లైన్ షూటర్ గేమ్‌లో బ్యాలెన్స్ డిజైనర్‌గా చేరారంటే మాటలు కాదు. ఏ గన్ను ఎంత గట్టిగా తగలాలి, ఏ హీరో ఎంత దూరం దూకాలి, ఏ హెల్మెట్ ఎన్ని బుల్లెట్లు ఆపాలి, అన్నీ ఇక మీ చేతిలోనే. ఆట అందరికీ సమంగా ఉండేలా చూస్తానని ఇంటర్వ్యూలో చెప్పే ఉంటారు. మంచిదే, అక్కడ అలాగే చెప్పాలి. చేరాక మాత్రం లక్ష్యాలు రెండే: శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా బ్యాగు సర్దుకోవాలి, సోమవారం పొద్దున వచ్చే తిట్లు పక్క టీము ఖాతాలో పడాలి. కింది చిట్కాలు పాటిస్తే రెండూ ఖాయం.

1. ముందు ఆట ఆడడం మానెయ్యండి.

ఆడితే ఓడతారు. ఓడితే ఏ గన్నుతో చచ్చారో గుర్తుంటుంది. గుర్తుంటే దాన్ని బాగుచెయ్యాలనిపిస్తుంది. ఎందుకొచ్చిన గొడవ? ఎక్సెల్ షీటు తెరుచుకుని కూర్చోండి. షీటులో ఎవరూ ఎవరినీ వెనకనుంచి కాల్చరు.

2. డ్యామేజ్ అంకెతో గారడీ నేర్చుకోండి.

ఈ ఒక్కటి వస్తే మిగతావి రాకపోయినా ఉద్యోగం గడిచిపోతుంది. ఆటగాడి హెల్త్ 100 అనుకోండి. మీ రైఫిల్ బుల్లెట్ డ్యామేజ్ 33. మూడు తగిలాక కూడా వాడికి 1 మిగిలే ఉంటుంది, నాలుగోది కావాలి. ఇప్పుడు ఆ 33ని 34 చెయ్యండి. మూడింటికే పడతాడు. నిమిషానికి 600 బుల్లెట్లు వదిలే గన్ను అయితే బుల్లెట్టుకూ బుల్లెట్టుకూ మధ్య సెకనులో పదో వంతు. అంటే మొదటిది తగిలిన దగ్గర్నుంచి ప్రాణం పోవడానికి పట్టే టైము 0.3 సెకన్ల నుంచి 0.2కు పడిపోయింది. మూడో వంతు మాయం! అప్‌డేట్‌తో పాటు ఇచ్చే ప్యాచ్ నోట్స్‌లో మాత్రం ‘డ్యామేజ్‌లో 3 శాతం చిన్న సవరణ’ అని రాయండి. అందులో అక్షరం అబద్ధం లేదు.

అసలు మజా దించేటప్పుడు ఉంది. డ్యామేజ్ 49 ఉన్న గన్ను మీద జనం గగ్గోలు పెడుతున్నారా? 34కు దించండి. ఏకంగా 15 పాయింట్లు, 30 శాతం కోత! ‘మీ మాట విన్నాం’ అని పైన పెద్ద అక్షరాల్లో వెయ్యండి. 49 అయినా 34 అయినా వంద దాటడానికి మూడు బుల్లెట్లే కదా అని లెక్కేసేవాడు ఎక్కడో ఒకడుంటాడు. వాడు లెక్క తేల్చి వీడియో పెట్టేలోపు మీకో వారం హాయిగా గడిచిపోతుంది. కవచం తొడుక్కున్నవాడి మీద, దూరాన ఉన్నవాడి మీద కొంచెం తేడా వస్తుంది, నిజమే. ఎవరైనా కనిపెడితే ‘కావాలనే అలా చేశాం’ అనండి.

3. చేసిన మార్పుకు కారణం చెప్పే అలవాటు చేసుకోకండి.

హాలో 3లో స్నైపర్ రైఫిల్ ఒకసారి పేలాక మళ్లీ పేలడానికి పట్టే వ్యవధిని 0.5 సెకన్ల నుంచి 0.7కు పెంచారు. దాని మీద జైమీ గ్రీస్మర్ అనే డిజైనర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఓ పూర్తి ప్రసంగం ఇచ్చాడు. 0.2 సెకన్లకు ప్రసంగం! ఇలాంటివాళ్లు పక్క సీట్లో ఉంటే మేనేజర్‌కు మన మీద అనుమానం మొదలవుతుంది. లంచ్‌కు వేరే టేబుల్ చూసుకోండి.

4. కొత్త గన్నును దడ పుట్టేలా దించండి.

కౌంటర్ స్ట్రైక్‌లో పెద్ద గన్నులను ఆటలో సంపాదించిన డబ్బుతో కొనుక్కోవాల్సిందే. కాళ్లు తప్ప ఒంటి మీద ఎక్కడ తగిలినా చంపేసే ఏడబ్ల్యూపీ స్నైపర్ 4,750 డాలర్లు. దానికోసం జట్లు రౌండ్ల కొద్దీ కడుపు కట్టుకుని కూడబెడతాయి. 2015 డిసెంబరులో అదే ఆటలోకి ఆర్8 రివాల్వర్ వచ్చింది. ధర 850. ఛాతీకి ఒక్కటి తగిలితే మనిషి లేచే పనిలేదు. కొద్దిరోజుల్లోనే డ్యామేజ్ కోసేశారనుకోండి, కానీ ఆ కొద్దిరోజులూ అందరి నోటా ఆ గన్ను మాటే. మీరు పద్ధతిగా, కొలతగా దించితే దాని పేరు కూడా ఎవడికీ తెలియదు. బలంగా దించితే ఒకసారి ప్రచారం, కోసేటప్పుడు రెండోసారి. టెస్టర్లకు జీతాలెందుకు? లక్షలమంది ఆటగాళ్లు ఆ పని ఊరికే చేసిపెడుతుంటే!

5. టోర్నమెంట్ వారం చూసుకుని అప్‌డేట్ వదలండి.

2018 డిసెంబరు 11న ఫోర్ట్‌నైట్‌లోకి ఇన్ఫినిటీ బ్లేడ్ అనే కత్తిని వదిలారు. మ్యాచ్‌కు ఒక్కటే ఉంటుంది. అది దొరికినవాడు ఆకాశంలోకి ఎగురుతాడు, చంపినకొద్దీ ప్రాణం పుంజుకుంటాడు. సరిగ్గా అప్పుడే 10 లక్షల డాలర్ల వింటర్ రాయల్ పోటీ. నెలల తరబడి గురి సాధన చేసివచ్చిన కుర్రాళ్లు కత్తివాటుకు పోయారు. మూడు రోజులకు దాన్ని తీసేసి, పొరపాటైందని ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే అసలు పొరపాటు.

మరుసటి ఏడాది ఆగస్టుకల్లా తెలివి తెచ్చుకున్నారు. ఇద్దరెక్కి ఎదురొచ్చిన కట్టడాన్నల్లా తొక్కేసే బ్రూట్ అనే రోబోను దించారు. జనం తీసెయ్యమని గోల పెడితే, అన్ని స్థాయిల ఆటగాళ్లూ గెలుపు రుచి చూడాలన్నదే మా ఉద్దేశం అని గ్రాఫులతో సహా సమాధానమిచ్చారు. ఇది కంఠస్థం చెయ్యండి. న్యాయంగా లేదన్నవాడికి ‘ఆట అంటే సరదా’ అనండి. సరదాగా లేదన్నవాడికి ‘పోటీ అన్నాక అంతే’ అనండి. ఈ రెండు గుంపులూ ఒకచోట కలవకుండా చూసుకుంటే చాలు.

6. ఒకే ప్యాచ్‌లో పదిహేను మార్పులు చెయ్యండి.

గన్ను రీకాయిల్, హీరో కూల్‌డౌన్, కవచం ధర, మ్యాప్‌లో చాటుకు పనికొచ్చే పెట్టెలు, అన్నీ ఒక్క దెబ్బకు కదిలించండి. రేపు ఆట తలకిందులైతే ఏది కారణమో తేల్చడం బ్రహ్మ తరం కూడా కాదు. తిలాపాపం తలా పిడికెడు.

7. రోగాన్ని తగ్గించకండి, మందు మార్చండి.

ఓవర్‌వాచ్ చరిత్ర చదివితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. ట్రేసర్, గెంజీ లాంటి చురుకైన హీరోలు వెనకనుంచి దూకి చంపేస్తున్న రోజుల్లో, 2018 మార్చిలో బ్రిగిట్టె అనే హీరో వచ్చింది. డాలుతో ఆమె ఒక్కటి గుద్దితే ఎంత చురుకైనవాడైనా కొయ్యబొమ్మే. సరే, దూకుడు తగ్గింది. కానీ ఆమె అండతో దెబ్బలు కాసే ట్యాంకులు ముగ్గురు, వైద్యం చేసే సపోర్టులు ముగ్గురు గుంపుగా నడిచే ‘గోట్స్’ పద్ధతి తయారైంది. గురిపెట్టి కాల్చేవాళ్లకు జట్టులో చోటే లేదు, అదీ షూటర్ గేమ్‌లో! ఆమె బలం కోస్తూ పోయారు, గుంపు చెదరలేదు. చివరికి 2019లో రెండు ట్యాంకులు, ఇద్దరు షూటర్లు, ఇద్దరు సపోర్టులు, అంతకుమించి కుదరదని రూలు పెట్టారు. 2022లో ఓవర్‌వాచ్ 2 వచ్చేసరికి ఒక ట్యాంకును ఇంటికి పంపి ఆరుగురి జట్టును ఐదుగురికి కుదించారు. మొదటి మందుకే రోగం కుదిరి ఉంటే ఈ నాలుగేళ్లూ ఎవరికి పని ఉండేది?

8. సగటు తప్ప వేరే అంకె చూడకండి.

తనంతట తానే కాల్చే టరెట్ పెట్టేసి టీ తాగడానికి వెళ్లిపోయే హీరో ఒకడున్నాడనుకోండి. కొత్తవాళ్ల మ్యాచ్‌లలో వాడున్న జట్టు 60 శాతం గెలుస్తుంది. ఆరితేరినవాళ్ల దగ్గర 40. కిందివాళ్లకు వాడు నరకం, పైవాళ్లకు దండగ. రెండూ కలిపి సగం చెయ్యండి: 50 శాతం, బ్రహ్మాండమైన బ్యాలెన్స్! రెయిన్‌బో సిక్స్ సీజ్ వాళ్లు ఏ ఆపరేటర్‌ను (పాత్రను) ఎంతమంది ఎంచుకుంటున్నారు, వాడుంటే గెలుపు ఎటు మొగ్గుతోంది అని రెండు అక్షాల గ్రాఫు గీసి మరీ ఆటగాళ్ల ముందు పెట్టారు. అంత అమాయకత్వం మీకొద్దు. స్లైడు మీద ఒక్క అంకె చాలు, అదీ ఆకుపచ్చ రంగులో.

9. బలం అమ్మకండి, బట్టలు అమ్మండి.

2017 నవంబరులో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్‌గా దిగాలంటే 60,000 క్రెడిట్లు కూడబెట్టాలన్నారు. ఓ 40 గంటల పని అని ఆటగాళ్లు లెక్క తీశారు. బలం పెంచే స్టార్ కార్డులేమో డబ్బిచ్చి కొనుక్కునే పెట్టెల్లో ఉన్నాయి. గొడవ ముదిరితే వేడర్ ధర 15,000కు దింపారు, విడుదల ముంగిట డబ్బుతో కొనడాన్నే ఆపేశారు. తప్పెక్కడ జరిగింది? బలాన్ని బలమనే పేరుతో అమ్మారు.

వార్‌జోన్‌లో రోజ్ అనే పాత్రకు నిలువెల్లా నలుపుండే స్కిన్ ఒకటుండేది. చీకటి మూలన కూర్చుంటే అక్కడ మనిషున్నట్టే తెలిసేది కాదు. 2021లో దాన్ని కాస్త కనబడేలా మార్చారు. అప్పటిదాకా అది డ్రెస్సు మాత్రమే, దానికి డ్యామేజ్ లేదు, కవచం లేదు, షీటులో వరసే లేదు. షీటులో లేనిదానికి బ్యాలెన్స్ టీమ్ బాధ్యత ఎలా వహిస్తుంది? మన బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడే పిల్లలనే చూడండి. గ్లేసియర్ ఎం416 స్కిన్ వల్ల గన్నుకు ఒక్క పాయింటు కూడా బలం పెరగదని తెలిసి కూడా యూసీలు (ఆటలో వాడే డబ్బు) కుమ్మరిస్తారు. అందానికే అంత పెట్టేవాళ్లు, చీకట్లో కనబడకుండా ఉండడానికి ఎంత పెడతారో మీరే ఊహించండి.

10. ఎవరెంత అడిగినా చివరికి పింగ్ అనండి.

ఖమ్మం కుర్రాడు ‘గోడ చాటుకు వచ్చేశాక కూడా చచ్చిపోయాను’ అంటాడు. వాడు చెప్పేది నిజమే. వాడి స్క్రీను మీద చాటుకు వచ్చేశాడు, కాల్చినవాడి స్క్రీను మీద ఇంకా బయటే ఉన్నాడు, సర్వరు కాల్చినవాడి మాట నమ్మింది. పోయిన ప్యాచ్‌లో మీరు పరుగు వేగం పెంచారు కాబట్టి, మూలమలుపులోంచి దూసుకొచ్చి కాల్చేవాడికి ఈ లాభం ఇంకాస్త పెరిగింది కూడా. ఇవన్నీ వాడికెందుకు? నీ పింగ్ ఎక్కువ, అంటే నీ నెట్ నెమ్మది అని చెప్పి వైఫై చూసుకోమనండి. వాడు వెళ్లి నాన్న చేత కొత్త రూటర్ కొనిపిస్తాడు. నెలరోజులు మీ జోలికి రాడు.

11. జనం తగ్గిపోతే బాట్‌లను దించండి.

మ్యాచ్ దొరకడానికి మరీ ఆలస్యమవుతోందంటే లాబీ ఖాళీ అవుతున్నట్టు లెక్క. ఆ ఖాళీలను కంప్యూటరే ఆడించే బాట్‌లతో నింపితే క్యూ చకచకా కదులుతుంది, అవి ఏ గన్ను బలం తగ్గించమనీ అడగవు. ఈ సందులో రెజ్యూమె బయటికి తీసి ‘నా హయాంలో జట్ల సగటు విన్ రేటు కచ్చితంగా 50 శాతం’ అని చేర్చండి. రెండు జట్ల ఆటలో ఒకటి గెలిస్తే ఇంకోటి ఓడుతుంది కదా, సగటు 50 కాక ఇంకెంత వస్తుంది అని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే, ఎంత జీతమిస్తామన్నా ఆ కంపెనీలో చేరకండి. అక్కడ పని చేయిస్తారు.