దాచుకోవడానికేముందండీ!

"నా దగ్గర దాచుకోవడానికేముందండీ, చూసుకుంటే చూసుకోనివ్వండి!"

ఫోన్లో మన సంగతులు ఎవరెవరో పోగేసుకుంటున్నారట అని ఎవరైనా నసిగితే చాలు, ఎదుటి కుర్చీలోంచి ఈ మాట వచ్చి పడుతుంది. అన్నవారి ముఖంలో అప్పుడొక తేజస్సు కూడా కనిపిస్తుంది. హరిశ్చంద్రుడు కాటికాపరిగా చేరిన రోజున కూడా అంత నిబ్బరంగా ఉండి ఉండడు. దాచుకునేవాడు దొంగేనన్నట్టు, కర్టెన్ వేసిన ఇంట్లో ఖూనీ జరుగుతున్నట్టు మనవైపు ఒక చూపు కూడా పారేస్తారు.

మంచిదే. అయితే ఈ సత్యసంధుల ఫోను ఒక్కసారి అడిగి చూడండి. ఫోనుకి వేలిముద్ర తాళం, వాట్సాప్‌కి మళ్లీ ఇంకో తాళం. బ్యాంకు బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు స్క్రీన్‌కి అరచెయ్యి అడ్డం పెడతారు. "జీతమెంత వస్తుందండీ?" అంటే "ఏదో, గడిచిపోతోంది" అంటారు. స్థలం ఎంతకి కొన్నారో తోడల్లుడికి చెప్పరు, ఎంతకి అమ్మారో బావమరిదికి చెప్పరు, రెండుసార్లూ రిజిస్ట్రేషన్ కాగితంలో ఎంత రాయించారో అసలెవరికీ చెప్పరు. అమ్మాయికి సంబంధం కుదిరిందన్న కబురు తాంబూలాలు పుచ్చుకునేదాకా వీధిలో పొక్కనివ్వరు. దిష్టి తగులుతుందట.

కాబట్టి వీరికి దాచుకోవడానికి లేకపోలేదు. ఎవరి దగ్గర దాచాలన్న దగ్గరే లెక్క తప్పింది. తోడల్లుడికి చెప్పనివన్నీ కాలిఫోర్నియా కంపెనీకి పూసగుచ్చినట్టు అప్పగిస్తారు: ఎప్పుడు పడుకున్నదీ, ఎక్కడికి వెళ్లిందీ, అర్ధరాత్రి ఏ జబ్బు గురించి వెతికిందీ. తోడల్లుడైతే మహా అయితే కుళ్లుకుంటాడు. కంపెనీ కుళ్లుకోదు, అమ్ముకుంటుంది.

ఇంతటి తెరిచిన పుస్తకం లాంటి మనిషే ఓ రాత్రివేళ ఫేస్‌బుక్‌లో శాసనం జారీ చేస్తాడు. తన ఫొటోలు, తన రాతలు వాడుకునే అధికారం ఆ కంపెనీకి లేదట. రోమ్ స్టాట్యూట్ ప్రకారం అది నేరమట. అందరూ దీన్ని కాపీ చేసి తమ గోడమీద పెట్టుకోవాలట, షేర్ మాత్రం చేయకూడదట. 2012 నుంచీ ఈ ప్రకటన దేశదేశాలూ తిరుగుతూనే ఉంది. 2024లో మెటా ఏఐకి వీడ్కోలు పేరుతో వేషం మార్చి మళ్లీ బయల్దేరింది. హాలీవుడ్ నటుడు జేమ్స్ మెకవాయ్ అంతటివాడు కూడా పెట్టుకున్నాడు.

ఇంతకీ రోమ్ స్టాట్యూట్ అంటే 1998లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం. నరమేధాలూ యుద్ధ నేరాలూ విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దాని నుంచే పుట్టింది. భారతదేశం దానిమీద సంతకమే పెట్టలేదు. అంటే అరకులోయలో దిగిన ఓ సెల్ఫీని రక్షించుకోవడానికి మనవాడు, మన దేశానికి వర్తించని ఒప్పందం కింద, నరమేధం నేరం మోపి, నిందితుడి వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు నమోదు చేస్తున్నాడన్నమాట. ఖాతా తెరిచిన రోజున "షరతులన్నీ చదివి ఒప్పుకుంటున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టినదీ ఈ వేలే. సత్యనారాయణ వ్రతకథలో ఐదు అధ్యాయాలూ ఓపిగ్గా విన్నవారు దొరుకుతారేమోగానీ, ఆ షరతుల్లో ఐదు పేరాలు చదివినవారు దొరకరు.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు తెచ్చినప్పటి సందడి గుర్తుందా? జనం మూటాముల్లె సర్దుకుని సిగ్నల్ యాప్‌కి వలసపోయారు. వలసపోతున్నామని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి మరీ పోయారు. వాట్సాప్ మన పత్రికల్లో పేజీల నిండా ప్రకటనలిచ్చి, "మీ గోప్యతే మా ప్రాణం" అన్న ధోరణిలో బుజ్జగించింది. సిగ్నల్‌కి వెళ్లి చూస్తే చిట్‌ఫండ్ గ్రూపు లేదు, అపార్ట్‌మెంట్ గ్రూపు లేదు, అత్తగారి గుడ్‌మార్నింగ్ లేదు. వారం తిరక్కుండా అందరూ వెనక్కి వచ్చేశారు. అవే షరతుల మీద 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ వాట్సాప్ యజమాని మెటాకి 213 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. ఆ వార్త కూడా మనకి వాట్సాప్‌లోనే వచ్చింది.

ఈ 'దాచుకోవడానికేముంది' వేదాంతం మనవాడి సొంతం కాదు లెండి. దిగుమతి సరుకు. సన్ మైక్రోసిస్టమ్స్ అధిపతి స్కాట్ మెక్‌నీలీ 1999లోనే, మీకు ప్రైవసీ అంటూ ఏమీ మిగల్లేదు, ఆ దిగులు మానేయండని సెలవిచ్చాడు. గూగుల్ పెద్ద ఎరిక్ ష్మిట్ 2009లో ఇంకో మెట్టు ఎక్కాడు: ఎవరికీ తెలియకూడదనుకునే పనేదైనా ఉంటే అసలు ఆ పని చేయకపోవడమే మంచిదేమో అన్నాడు. వినడానికి శతక పద్యంలా ఉంది. కానీ దానికి నాలుగేళ్ల ముందు, 2005లో, సీనెట్ అనే వార్తాసంస్థ ఓ చిన్న పని చేసింది. ఈ ష్మిట్‌గారి పేరునే గూగుల్‌లో వెతికి, ఆయన ఆస్తి వివరాలూ ఉండే ఊరూ దొరికినంత మేర అచ్చువేసింది. వెంటనే గూగుల్, ఆ సంస్థ విలేకరులతో ఏడాదిపాటు మాట్లాడేది లేదని అలిగి కూర్చుంది.

ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ కథ ఇంకా రసవత్తరం. 2010లో ఆయన, జనం తమ సంగతులు పదిమందితో పంచుకోవడానికి అలవాటు పడిపోయారు, సమాజం పద్ధతే మారిపోయిందని తేల్చాడు. 2013లో పాలో ఆల్టోలో తన ఇంటి చుట్టూ ఉన్న 4 ఇళ్లు 3 కోట్ల డాలర్లకు పైగా పోసి కొనేశాడు. ఇరుగుపొరుగు తొంగిచూడకుండా! 2016లో ఇన్‌స్టాగ్రామ్ పండగ చేసుకుంటూ ఆయన ఫొటో ఒకటి వదిలితే, వెనకాల ఆయన ల్యాప్‌టాప్ కనిపించింది. కెమెరా మీద టేపు. మైకు రంధ్రం మీద టేపు. లోకమంతా కిటికీలు తెరిచి పడుకోవాలని చెప్పే పెద్దమనిషి తన కిటికీకి మాత్రం బంక పెట్టుకున్నాడు. పది రూపాయల టేపుతో పోయేదానికి మనమే అనవసరంగా హక్కులూ చట్టాలూ అని గొంతు చించుకుంటున్నాం.

ఇక మన గడప లోపలికి వద్దాం. బట్టల షాపులో రెండు బనీన్లు కొంటే బిల్లు కౌంటర్లో అబ్బాయి మొదట డబ్బు అడగడు. "మొబైల్ నంబర్ చెప్పండి సార్." చెప్పకపోతే కంప్యూటర్ తీసుకోదట. చెబితే ఆ అబ్బాయి అంకె అంకే వరసలో చివరి మనిషికి వినపడేలా పైకి అప్పజెబుతాడు. నంబరు ఇవ్వనంటే బిల్లు ఇవ్వమనడం తగదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు చెప్పింది. కౌంటర్లో కంప్యూటర్‌కి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. సాయంత్రానికల్లా ఫోను మోగుతుంది. షాద్‌నగర్ దగ్గర వెంచరు, రీజినల్ రింగు రోడ్డుకి కూతవేటు, ఈఎంఐ సౌకర్యం. "నా నంబరు మీకెవరిచ్చారమ్మా?" అనడిగితే, "అది చెప్పడానికి పర్మిషన్ లేదు సార్" అంటుంది అవతలి అమ్మాయి. చూశారా, ఈ వ్యవహారం మొత్తంలో రహస్యంగా ఉంచదగిన సంగతి అదొక్కటే!

ప్రభుత్వం దగ్గర అలాంటి ఇబ్బంది లేదు. అక్కడ గోడ ఉంది. ఆధార్ సమాచారం 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం ఉన్న గోడల వెనక భద్రంగా ఉందని 2018 మార్చిలో అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ సుప్రీంకోర్టుకి విన్నవించారు. కాకతీయుల కోట గురించి చెబుతున్నారేమోనని ఎవరైనా అనుకుంటే తప్పు లేదు. ఓరుగల్లులోనూ ఒకటికి మించి గోడలుండేవి. ఢిల్లీ సైన్యాలు లోపలికి రానే వచ్చాయి.

ఈ గోడకి సైన్యం కూడా అక్కర్లేకపోయింది. ఆ వాదనకి 2 నెలల ముందే 'ట్రిబ్యూన్' పత్రిక విలేకరి ఒకరు 500 రూపాయలిచ్చి, 10 నిమిషాల్లో కోట్లమంది వివరాలు చూడగల దారి సంపాదించి ఆ సంగతి రాసేశారు. గోడకి కన్నం ఎక్కడుందో చెప్పినందుకు కేసు పెట్టారు. దానిలో విలేకరి పేరు కూడా చేర్చారు. అంతకు ముందు ఏడాది బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, కేవలం 4 ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచే 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని లెక్కగట్టింది. గోడ ఎత్తు 13 అడుగులు గనక అడుగుకో కోటి. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే: చంద్రన్న బీమా ఒకటి, ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి. ఎవరూ చొరబడి దొంగిలించలేదు. పారదర్శకత పేరుతో మనవాళ్లే ఆరబోశారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఉపాధి హామీ మస్టర్లలో పేర్లు ఊరందరికీ తెలియాలి. సామాజిక తనిఖీల్లో ఆ పేర్లు పైకి చదివినందువల్లే పనికి రానివారి పేరున, చనిపోయినవారి పేరున కూలీ డబ్బు మెక్కినవారు దొరికారు. ఊరికి కావలసింది ఎవరు పని చేశారు, ఎన్ని రోజులు, ఎంత ఇచ్చారన్నది. కూలి మనిషి ఆధార్ నంబరుతో, బ్యాంకు ఖాతాతో ఊరికేం పని? చాటవలసినదేదో దాచవలసినదేదో తెలియక కాదు. కూలి మనిషి విషయంలో ఆలోచించే పని పెట్టుకోలేదంతే.

అదే 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఛైర్మన్ ఆర్.ఎస్. శర్మ తన ఆధార్ నంబరు ట్విట్టర్లో పెట్టి, దీనితో నాకేం హాని చేస్తారో చేసి చూపించండని తొడగొట్టారు. గంటలు గడవక ముందే ఆయన ఫోన్ నంబరు, పుట్టినరోజు, చిరునామా, పాన్ నంబరు కొందరు కుర్రాళ్లు ఆయన ట్వీటు కిందే అతికించారు. ఒకరు ఆయన ఖాతాలో రూపాయి వేసి రసీదు కూడా పెట్టారు. ఇవేవీ హాని కిందకి రావని ఆయన తీర్పు. అయినా ఆధార్ సంస్థ మాత్రం, మీ నంబర్లు ఇలా బహిరంగంగా పెట్టకండి, సవాళ్లు విసరకండి అని ప్రజలకు హితవు చెప్పింది. శర్మగారు ఆ సంస్థకి లోగడ డైరెక్టర్ జనరల్.

2022 మేలో అదే సంస్థ బెంగళూరు కార్యాలయం ఇంకో మంచిపని చేసింది. ఆధార్ జిరాక్స్ ఎవరికిపడితే వారికి ఇవ్వవద్దు, దుర్వినియోగమవుతుంది అని ప్రకటన ఇచ్చింది. దేశమంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. లాడ్జీల్లో, సిమ్ కార్డు దుకాణాల్లో, కోచింగ్ సెంటర్లలో, ఫంక్షన్ హాళ్లలో అప్పటిదాకా ఇచ్చిన జిరాక్సులు పోగేస్తే బహుశా ఆ 13 అడుగుల గోడ కట్టేయొచ్చు. రెండు రోజులకే ప్రకటన వెనక్కి తీసుకున్నారు. అపార్థం చేసుకునే ప్రమాదం ఉందట. ఒక ప్రభుత్వ ప్రకటన అంత స్పష్టంగా అర్థం కావడమే దాని కొంప ముంచింది.

అసలు పౌరుడికి గోప్యత అనే హక్కు ఉందా అన్నదే చాలాకాలం తేలలేదు. లేదని ప్రభుత్వం వాదించింది. మనిషికి తన ఒంటిమీద సంపూర్ణ హక్కు అనేది ఉత్త భ్రమ అని 2017లో అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ కోర్టులో అన్నారు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న కె.ఎస్. పుట్టస్వామి అంతకుముందే, 2012లో, 80 దాటిన వయసులో కోర్టుకెక్కారు. ఆ వయసులో ఆయనకి మాత్రం దాచుకోవడానికేముంటుంది? 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు ఏకకంఠంతో, ఉంది, అది ప్రాథమిక హక్కే అన్నారు. నాలుగేళ్లకి హైదరాబాద్ వీధుల్లో పోలీసులు దారినపోయే కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో "గంజాయి" అని వెతుకుతున్న వీడియో బయటికొచ్చింది. జనమే సహకరిస్తున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయలేదన్నది పోలీసుల సమాధానం. లాఠీ ఉన్న మనిషి చెయ్యి చాపితే సహకారం ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఇదంతా చూసి ప్రభుత్వానికి గోప్యత విలువ తెలియదనుకుంటే పొరపాటు. బాగా తెలుసు. పార్టీలకు ఎన్నికల బాండ్లు కొన్న దాతల పేర్లు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టులో వాదించినప్పుడు దాతల గోప్యత గురించి ఎంత ఆర్ద్రంగా చెప్పారని! పార్టీల డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసుకునే హక్కు పౌరుడికి లేదన్నారు. 2024 ఫిబ్రవరి 15న కోర్టు ఆ పథకాన్నే కొట్టేసింది. జాబితా బయటపడితే, బాండ్లు ఎక్కువగా కొన్నవారిలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీది, 966 కోట్లు. రెండు బనీన్లకి ఫోన్ నంబరు చెప్పనివాడు అనుమానాస్పదుడు, 966 కోట్లకి పేరు చెప్పనివాడు గౌరవనీయుడు.

ఎట్టకేలకు 2023లో మన డేటాకి ఒక చట్టం వచ్చింది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. కంపెనీ తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా. ప్రభుత్వం తలుచుకుంటే తన సంస్థలకి ఆ చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. అదే చట్టంలో చివరగా ఓ చిన్న సెక్షను, సమాచార హక్కు చట్టాన్ని సవరిస్తూ. వ్యక్తిగత సమాచారమైనా సరే, ప్రజల మేలు కోసమైతే ఇవ్వొచ్చన్న వెసులుబాటు సమాచార హక్కు చట్టంలోని ఓ క్లాజులో ఉండేది. దాన్ని తీసేశారు. మన గోప్యతని కాపాడే చట్టం ముందుగా కాపాడింది అధికారుల ఫైళ్లని.

ఈ సవరణ వద్దని ఫైలు మీద రాసిన అధికారి ఎవరైనా ఉన్నారా, రాస్తే ఆయన్ని ఎక్కడికి బదిలీ చేశారు అని తెలుసుకోవాలని మీకు బుద్ధి పుట్టిందనుకోండి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేరు, చిరునామా, ఈమెయిలు నింపనిదే పేజీ ముందుకి కదలదు. నింపి, పది రూపాయలు కట్టి, 30 రోజులు ఆగితే, మీరు కోరినది వ్యక్తిగత సమాచారం గనక ఇవ్వలేమని జవాబు రావచ్చు. పది రూపాయలు మాత్రం తిరిగి రావు.